94 మిల్లీమీటర్లకో చప్పుడు

కొత్త సీఎన్‌సీ రౌటర్ మౌనంగా ఉండే యంత్రం కాదు. స్విచ్చి వేయగానే, ఇంకా ఏదీ కదలకముందే, మోటార్లు సన్నగా బుసకొడతాయి. కంట్రోల్ పెట్టెలో ఫ్యాన్లు తిరుగుతాయి. స్పిండిల్ లేచిందా, ఈల మొదలు. గ్యాంట్రీ జరిగితే కేబుళ్లను మోసే ప్లాస్టిక్ గొలుసు గలగలమంటుంది. బిట్టు చెక్కను తాకాక వచ్చే రొద సరేసరి. ఇన్నింటి మధ్య ‘ఏదో తేడా చప్పుడు’ అనడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తేడా ఏ భాగానిదో తేల్చడంలోనే ఉంది పనితనమంతా. దానికి పాములాంటి చెవి కావాలని చాలామంది అనుకుంటారు. చెవి కావలసిందే. కానీ మంచి మెకానిక్‌ను దగ్గరుండి చూస్తే అర్థమయ్యేది ఏమిటంటే, అతను వినడం కన్నా కొలవడం ఎక్కువ చేస్తాడు.

మన ఫర్నిచర్ వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఎనిమిది బై నాలుగు మిషను. 2,440 మిల్లీమీటర్ల పొడవు, 1,220 వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటును నిండుగా పరచగలిగే బల్ల అది. బల్లకు రెండు పక్కలా పొడవునా ఉక్కు గైడ్ రైళ్లు. వాటి మీద రెండు కాళ్లతో నిలిచి, బల్లను అడ్డంగా దాటేది గ్యాంట్రీ. గ్యాంట్రీ మీద కుడి ఎడమలకు జరిగే బండి, బండి మీద పైకీ కిందికీ కదిలే స్పిండిల్, స్పిండిల్ మూతిలో బిట్టు. సింహద్వారం మీద లత చెక్కినా, పూజగది తలుపుకు జాలీ కోసినా పనంతా మూడు కదలికలు, ఒక తిరుగుడు.

పైకీ కిందికీ కదలికకు బాల్‌స్క్రూ ఉంటుంది. పొడవు దిక్కున మాత్రం స్క్రూ ఉండదు, పళ్ల ర్యాక్, దాని మీద దొర్లే పినియన్ ఉంటాయి. ఖర్చు తగ్గించడానికే ఇలా చేశారని కొందరు పెదవి విరుస్తారు. అది అన్యాయం. పొడవాటి స్క్రూ ఒక వేగం దాటితే నడుము దగ్గర ఊగి కొట్టుకుంటుంది. ఆ హద్దు పొడవు వర్గానికి విలోమంగా పడిపోతుంది. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర బేరింగు మీద ఆనించిన 20 మిల్లీమీటర్ల స్క్రూను 1.2 మీటర్ల పొడవులో నిమిషానికి సుమారు 1,400 చుట్లు నిశ్చింతగా తిప్పవచ్చు. పొడవు రెట్టింపు చేస్తే అది 350కి దిగిపోతుంది. చుట్టుకు 10 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ అయితే నిమిషానికి మూడున్నర మీటర్లే. ర్యాక్‌కు ఆ బాధ లేదు. అది కదలదు, గ్యాంట్రీయే దాని మీద నడుస్తుంది. ఎంత పొడవైనా ముక్కకు ముక్క కలుపుకుంటూ పోవచ్చు. కాకపోతే ఆ అతుకుల దగ్గర ఇంకో కథ ఉంది.

ఒక వర్క్‌షాపులో దించి ఎన్నాళ్లో కాని మిషను దగ్గర వడ్రంగి మేస్త్రీ, మెకానిక్ మాట్లాడుకుంటున్నారు. “కొత్త మిషనయ్యా, అప్పుడే లోపల ఏదో కొట్టుకుంటోంది” అన్నాడు మేస్త్రీ. ఎక్కడ కొట్టుకుంటోందని మెకానిక్ అడగలేదు. “ఎప్పుడొస్తోంది మేస్త్రీ గారూ? నిలబడి ఉన్నప్పుడా, కదిలేటప్పుడా, కోసేటప్పుడా?” అన్నాడు. ఎక్కడ అన్న ప్రశ్నకు చెవి ఇచ్చే జవాబును నమ్మలేం. ఉక్కు ఫ్రేములో శబ్దం క్షణంలో ఈ చివర నుంచి ఆ చివరకు పాకి, అన్నింటికన్నా పలుచని రేకు మూత దగ్గర బయటపడుతుంది. మూత మోగుతోందని మూతనే బిగిస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు. ఎప్పుడు అన్న ప్రశ్న అలా దారి తప్పించదు.

అతను స్పిండిల్ ఆపేసి, బిట్టు తీసేసి, గ్యాంట్రీని మాత్రం ఖాళీగా నడిపించాడు. చప్పుడు ఉంది. అంటే స్పిండిల్, బిట్టు, చెక్క ఒక్క దెబ్బకు లెక్కలోంచి పోయాయి. వేగం సగానికి తగ్గించాడు. టక్కు టక్కుల మధ్య వ్యవధి రెట్టింపయింది. ఎడం పక్క రైలు పొడవునా కాగితపు టేపు అంటించి, జాగ్ మోడ్‌లో నెమ్మదిగా నడుపుతూ టక్కుమన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టాడు. తర్వాత కొలిచాడు. గీతకూ గీతకూ మధ్య 94 మిల్లీమీటర్లు.

ఆ అంకెలో ఎంత సమాచారం ఉందో చూడాలంటే పినియన్ లెక్క చూడాలి. ఈ మిషను ర్యాక్ మాడ్యూల్ 1.25. మాడ్యూల్‌ను పైతో గుణిస్తే పన్నుకూ పన్నుకూ మధ్య దూరం, 3.93 మిల్లీమీటర్లు. పినియన్‌కు 24 పళ్లు. 24ను 1.25తో గుణిస్తే 30 మిల్లీమీటర్ల వ్యాసం, దాని చుట్టుకొలత 94.2. మోటారు నుంచి పినియన్‌కు మధ్య బెల్టు పెట్టె ఉంది, ఐదుకు ఒకటి. మోటారు ఐదు చుట్లు తిరిగితే పినియన్ ఒక చుట్టు. కాబట్టి మోటారు ఒక్క చుట్టుకు గ్యాంట్రీ 18.85 మిల్లీమీటర్లు జరుగుతుంది. గైడ్ రైలును ఫ్రేముకు బిగించిన బోల్టుల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు. ర్యాక్ ముక్క ఒక్కొక్కటి మీటరుకు దగ్గరగా ఉంటుంది, సరిగ్గా మీటరు కాదు. పన్ను సగంలో తెగకూడదు కాబట్టి 255 పళ్లకు 1,001.4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఏ చప్పుడైనా తన దూరాన్ని తానే చెబుతుంది. 3.93కు ఒకసారి వస్తే పళ్ల మధ్య బిగుతు. 18.85 అయితే మోటారు లేదా బెల్టు చిన్న పుల్లీ. 60 అయితే బోల్టు గుంటల మీద వేసిన ప్లాస్టిక్ మూతల్లో ఏదో పైకి లేచి, రైలు మీద జరిగే బ్లాకు అంచున ఉండే రబ్బరును గీరుతోంది. మీటరుకు ఒకసారి అయితే ర్యాక్ అతుకు. మేస్త్రీ మిషనులో 94 వచ్చింది కాబట్టి పినియన్ ఒక చుట్టుకు ఒకసారి, ఒకే చోట, ఏదో తగులుతోంది. ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

ఒకే కదలికలో ఇన్ని లెక్కలు కలిసి మోగడం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. గ్యాంట్రీ నిమిషానికి ఆరు మీటర్లు నడుస్తోందనుకుందాం, అంటే సెకనుకు 100 మిల్లీమీటర్లు. పినియన్ సెకనుకు ఒక చుట్టుకు కాస్త ఎక్కువ తిరుగుతుంది, అది లెక్కపెట్టగలిగే టక్కు. పళ్లు సెకనుకు పాతికసార్లు కలుస్తాయి, అది గరగర. మోటారు చుట్టుకు 200 అంగలు వేసే స్టెప్పర్ కాబట్టి సెకనుకు సుమారు 1,060 అంగలు, అది కూత. ఒకే చలనం టక్కుగా, గరగరగా, కూతగా మూడు స్థాయుల్లో వినిపిస్తుంది. వేగం మారిస్తే మూడూ కలిసే మారతాయి, వాటి మధ్య నిష్పత్తి చెక్కు చెదరదు.

పవర్ ఆపి, మెయిన్ స్విచ్చి దించి, పినియన్‌ను ర్యాక్ నుంచి పక్కకు జరిపాడు. ప్రతి పన్ను మీదా నీలం మార్కర్ రాసి, మళ్లీ ఆనించి చేత్తో దొర్లించాడు. పళ్ల మీద రంగు మధ్యలో పట్టీగా చెరిగింది, అలాగే చెరగాలి కూడా. ఒక పన్నుకు మాత్రం అంచున, చిన్న మెరుపు చుక్క దగ్గర చెరిగింది. ప్రయాణంలో ఏదో గట్టి వస్తువు తగిలి అంచు కాస్త నలిగి పొడుచుకొచ్చింది. గోటితో రాస్తే తెలుస్తుంది, కంటికి కనపడదు. సన్నని నూనెరాయితో ఆ పొడుపును మాత్రం రుద్ది తీశాడు, పన్ను ముఖాన్ని ముట్టుకోలేదు. పినియన్‌ను తిరిగి ఆనించేటప్పుడు పళ్ల మధ్య ఒక పలుచని కాగితం పెట్టి బిగించి, కాగితం లాగేశాడు. కాగితం మందమంత ఖాళీ మిగులుతుంది. పూర్తిగా బిగిస్తే పళ్లు గరగరమని అరుస్తాయి, వదులైతే దిక్కు మారినప్పుడల్లా లొడుక్కుమంటాయి.

టక్కు పోయింది. పెద్ద చప్పుడు పోయాక చిన్నది వినిపించడం మొదలైంది. మిషను మధ్యలో, కుడి పక్కన, ఒకే ఒక్క చోట సన్నని చప్పుడు. ఒకే చోట అంటే అది తిరిగే భాగం కాదు, నిలిచి ఉన్నది. ర్యాక్ అతుకు.

అతుకు పెట్టే పద్ధతి చూస్తే ఇది ఎవరి బుర్రలో పుట్టిందో అనిపిస్తుంది. రెండు ర్యాక్ ముక్కల చివరలను ఒకదానికొకటి ఆనించి బిగిస్తే చాలదు. చివర కోత ఒక వెంట్రుక వాసి తేడాగా ఉన్నా అతుకు దగ్గర పంటి దూరం తప్పుతుంది. అందుకని మూడో ముక్క, ఒక జానెడు ర్యాక్‌ను తలకిందులుగా, పళ్లలో పళ్లు కూర్చునేలా అతుకు మీద పెట్టి, క్లాంపుతో నొక్కుతారు. పైముక్క పళ్లు రెండు ముక్కలనూ తమ దూరానికి తెచ్చుకుంటాయి. అప్పుడు బోల్టులు బిగించి క్లాంపు తీస్తారు. ఆ రెండు ముక్కల చివరలు తాకుతున్నాయా, మధ్యలో సన్నని సందు ఉందా అన్నది అప్పుడిక లెక్కలోకి రాదు. కొలతను కొలతే సరిచేస్తుంది. సరి చూసుకోవడానికి అతుకుకు అటు ఇటు పళ్ల సందుల్లో ఒకే సైజు ఉక్కు పిన్ను ఉంచి, డయల్ గేజి ముల్లును దాని మీదుగా నడిపిస్తారు. ముల్లు లేచే ఎత్తు అతుకు దగ్గర కూడా మిగతాచోట్లలాగే ఉండాలి.

గైడ్ రైళ్ల సంగతి కాస్త వేరు. రైలు మీద జరిగే బ్లాకులో ఉక్కు గుండ్లు వరసగా ఒక గాడిలో బరువు మోస్తూ వెళ్లి, చివర ప్లాస్టిక్ మూతలో మలుపు తిరిగి, ఇంకో దారిన ఖాళీగా వెనక్కి వస్తాయి. ఈ తరహా గైడ్‌ను జపాన్‌కు చెందిన టీహెచ్‌కే కంపెనీ 1972లో మొదట తయారు చేసింది. బరువు లేని దారి నుంచి బరువున్న దారిలోకి ప్రతి గుండూ దూరేటప్పుడు చిన్న సడి చేస్తుంది. అందుకే మంచి బ్లాకుల్లో గాడి మొదట్లో వెంట్రుక మందం కూడా లేని వాలు చెక్కుతారు, గుండు ఒక్కసారిగా కాకుండా మెల్లగా బరువెత్తుకోవడానికి. గ్రీజు ఎండిన కొత్త బ్లాకు పొడిగా సరసరమంటుంది. గ్రీజు కొట్టి అటూ ఇటూ నాలుగుసార్లు నడిపితే ఆ చప్పుడు పోవాలి, పోకపోతే లోపల దుమ్ము పడిందన్నమాట.

గ్యాంట్రీ కిర్రుమనడం మాత్రం ఏ ఒక్క భాగం తప్పూ కాదు. రెండు కాళ్లకు రెండు మోటార్లు. ఒకటి కొంచెం ముందు ఆగితే గ్యాంట్రీ ఐమూలగా నిలుస్తుంది. పాత బీరువా సొరుగును ఒక పక్క పట్టుకుని లాగితే ఎలా పట్టేస్తుందో ఇదీ అంతే, బ్లాకులు రైలును పక్కలకు ఒరుసుకుంటాయి. నాలుగు మూలలా బిట్టుతో చిన్న రంధ్రాలు వేసి ఐమూల కొలతలు తీస్తే సంగతి తేలిపోతుంది. 1,200 అడ్డం, 2,400 నిలువు దీర్ఘచతురస్రానికి రెండు ఐమూలలూ 2,683.3 రావాలి. రెండింటి తేడా చూసి, ఒక పక్క హోమింగ్ స్విచ్చిని ఆ మేరకు జరుపుతారు.

స్టెప్పర్ మోటార్లు ఒక ప్రత్యేకమైన వేగం దగ్గర గుర్రుమంటాయి, దానికి భయపడనక్కర్లేదు. మోటారు సెకనుకు ఒక చుట్టు తిరిగే చోట, అంటే ఈ మిషనులో నిమిషానికి 1.1 మీటర్ల దగ్గర, దాని అంగల లయ రోటారు సహజ కంపనానికి కలుస్తుంది. ఆ వేగం దాటగానే పోతుంది. డ్రైవ్‌లో మైక్రోస్టెప్పింగ్ పెంచితే చాలావరకు తగ్గుతుంది. సర్వో మోటారు అయితే ఇంకో సంగతి. అది కదలకుండా నిలబడి కూతపెడుతుంటే గెయిన్ ఎక్కువ పెట్టారు. రేకు మూతలు, చల్లటి నీళ్ల పంపులో గాలి బుడగలు, నేలను తాకని నాలుగో కాలు లాంటివి చేత్తో నొక్కి చూస్తేనే తేలిపోతాయి.

ఇక స్పిండిల్. ఇక్కడ పనితనం మిల్లీమీటర్లలోంచి మైక్రాన్లలోకి దిగుతుంది. రెండు పోళ్ల మోటారుకు 300 హెర్ట్జ్ కరెంటు ఇస్తే నిమిషానికి 18,000 చుట్లు, 400 ఇస్తే 24,000. ఆ కరెంటును తయారుచేసేది వీఎఫ్‌డీ. స్పిండిల్ కూతపెడితే అది కరెంటుదా, ఇనుముదా అని తేల్చడానికి ఉన్న పరీక్ష ఎంత సులువో అంత చక్కనిది. వీఎఫ్‌డీని బ్రేకు వేయకుండా వదిలేసే పద్ధతికి మార్చి, పూర్తి వేగంలో ఉండగా కరెంటు ఆపేయాలి. కూత ఆ క్షణంలోనే తెగిపోతే అది కరెంటుది. వేగంతో పాటే జారుతూ దిగితే బేరింగుది, లేదా బరువు తూకానిది. వేగం ఎంత మార్చినా ఒకే స్వరంలో ఉండే సన్నని కూత మూడో రకం. అది వీఎఫ్‌డీ క్యారియర్ ఫ్రీక్వెన్సీ. సెట్టింగులో పెంచితే చెవికి అందకుండా పోతుంది గానీ వీఎఫ్‌డీ ఎక్కువ వేడెక్కుతుంది. ఆ బేరం ఎవరికి వారే చూసుకోవాలి.

18,000 వేగంలో, నడిబొడ్డు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఒక్క గ్రాము బరువు ఎక్కువైతే అది మూడున్నర కిలోల బలంతో లాగుతుంది, సెకనుకు 300 సార్లు దిక్కు మారుస్తూ. అందుకే బిట్టు పట్టే కాలెట్ అంత ముఖ్యం. రౌటర్లలో వాడే ఈఆర్ కాలెట్‌ను స్విట్జర్లాండ్‌లోని రెగో-ఫిక్స్ తీసుకొచ్చింది. పక్కల చీలికలున్న శంఖు ఆకారపు ఉక్కు గొట్టం అది. చీలికలు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి మారి మారి ఉంటాయి కాబట్టి బిగించినప్పుడు మూతి ఒక్కటే కాక పొడవంతా సమంగా కుదించుకుంటుంది. దాన్ని ముందు నట్టులో ఏటవాలుగా పెట్టి టిక్కుమని కూర్చోబెట్టాలి, తర్వాతే స్పిండిల్‌కు ఎక్కించాలి. స్పిండిల్‌లో కాలెట్ పడేసి పైన నట్టు తిప్పేస్తే అది వంకరగా కూర్చుంటుంది. అప్పుడు స్పిండిల్ బాగానే ఉన్నా బిట్టు తిరుగుతూ ఊగుతుంది. మన షాపుల్లో ఇంకో చిక్కు, మిల్లీమీటరు బిట్లు, అంగుళాల బిట్లు ఒకే డబ్బాలో పడి ఉంటాయి. పావు అంగుళం అంటే 6.35. ఆ కాలెట్‌లో 6 మిల్లీమీటర్ల బిట్టు పెడితే పడుతుంది, బిగుస్తుంది, మోగుతుంది కూడా. అరంగుళం 12.7 కాలెట్‌లో 12 బిట్టు పెట్టినా అదే గతి. బేరింగు మార్చమని బిల్లు వేసేముందు ఆ డబ్బా వైపు ఒకసారి చూడటం మంచిది.

బేరింగు చప్పుడుకు సంతకం వేరే ఉంటుంది. తూకం తప్పితే సరిగ్గా చుట్టుకు ఒకసారి, అంటే 300 హెర్ట్జ్. బయటి వలయం మీద దెబ్బ ఉంటే ఆ చోటును గుండ్లు దాటిన లెక్క. పన్నెండు గుండ్ల బేరింగులో అది చుట్టుకు సుమారు 4.8 సార్లు, 1,440 హెర్ట్జ్ దగ్గర. చుట్లకు పూర్ణాంకంతో పొసగదు కాబట్టే అది మిగతా శబ్దాలతో కలవకుండా గరగరగా విడిగా వినిపిస్తుంది. ఇప్పుడు ఫోనులో ఫ్రీక్వెన్సీ చూపే యాప్‌లున్నాయి. అయినా పాత మెకానిక్‌లు స్క్రూడ్రైవరు మొనను తిరగని భాగం మీద, బేరింగు గూడు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటారు. గాలిలో వచ్చే రొద పోయి, ఇనుములో వచ్చేది మిగులుతుంది.

వాడని బేరింగు పాడవుతుందా అని మేస్త్రీ అడిగాడు. అవుతుంది. 1930లలో అమెరికాలో డెట్రాయిట్ నుంచి రైలు పెట్టెల్లో వెళ్లిన సరికొత్త కార్ల చక్రాల బేరింగులు, ఒక్క మైలు నడవకముందే గీతలు పడి వచ్చేవి. చక్రం తిరగదు, పెట్టె అదురుతుంది, గుండు ఉన్నచోటే రుద్దుకుంటూ మధ్యలోని గ్రీజును తోసేసి ఉక్కును తినేస్తుంది. ఓడలో, తర్వాత లారీలో వచ్చిన స్పిండిల్‌కూ ఆ ప్రమాదం ఉంది. మొదటిసారి నడిపేటప్పుడు తక్కువ వేగంలో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచమని చెప్పడానికి మాత్రం కారణం వేరు. కొత్త గ్రీజు గుండ్ల దారిలోంచి పక్కలకు సర్దుకోవాలి. అప్పటిదాకా వచ్చే ముతక చప్పుడు దోషం కాదు. సర్దుకున్నాక కూడా వస్తే దోషమే.

అన్ని భాగాలూ విడివిడిగా నోరు మూసుకున్నాక బిట్టు పెట్టి టేకు ముక్క కోశారు. మళ్లీ అరుపు. ఇది ఏ భాగానిదీ కాదు, అందరిదీ కలిపి. బిట్టు ఒక అంచు కోసిన చోట కనీకనిపించని అల మిగులుతుంది. తర్వాతి అంచు ఆ అల మీద కోస్తుంది కాబట్టి ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా తెగుతుంది. ఆ తేడా బిట్టును ఇంకా ఊపుతుంది, ఊపు ఇంకా పెద్ద అల వేస్తుంది. ఇదే చాటర్. లోహాలు కోసే పని మీద 1907లో వెలువడిన పత్రంలో ఫ్రెడరిక్ టేలర్ దీన్ని మెషినిస్టుకు ఎదురయ్యే సమస్యల్లో అంతుపట్టనిదిగా లెక్కగట్టాడు. ఒకదాని అల మరొకటి పెంచుకుంటూ పోయే ఈ చక్రాన్ని సిద్ధాంతంగా విప్పి చెప్పడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

మెకానిక్ ముందు బిట్టును కాలెట్ లోపలికి తోశాడు. బయటికి పొడుచుకొచ్చిన పొడవు రెట్టింపయితే వంగుడు ఎనిమిది రెట్లు, కాబట్టి అనవసరంగా వదిలిన ప్రతి మిల్లీమీటరుకూ బిట్టు మూల్యం చెల్లిస్తోంది. అరుపు తగ్గింది, పోలేదు. అప్పుడు మేస్త్రీ అలవాటుగా ఫీడ్ తగ్గించబోయాడు. నిమిషానికి రెండు మీటర్లకే పెట్టి ఉంది. “తగ్గించకండి మేస్త్రీ గారూ, పెంచండి” అన్నాడు మెకానిక్. 18,000 చుట్లు, రెండు అంచుల బిట్టు, రెండు మీటర్ల ఫీడ్ అంటే ఒక్కో అంచుకు 0.056 మిల్లీమీటరు. అది కోత కాదు, రాపిడి. ఐదు మీటర్లకు పెంచితే 0.139 అవుతుంది, అంచు చెక్కలోకి దిగి పట్టుకుంటుంది. ఐదు మీటర్లు పెట్టి, స్పిండిల్‌ను కొంచెం కొంచెంగా 16,000 వైపు దించుతూ పోయాడు. ఒకచోట అరుపు తెగిపోయింది. అక్కడ ఒక్కో అంచుకు 0.156. మేస్త్రీ బల్ల మీది పొట్టు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇంతకు ముందు పిండిలా రాలింది, అంచులు కాస్త కమిలిన వాసన వేసింది. ఇప్పుడు విడివిడి రేకులు, చల్లగా ఉన్నాయి. ఆ అంకెలు రెండూ పెన్సిల్‌తో కంట్రోల్ పెట్టె తలుపు లోపల రాసుకుని, పక్కన ‘టేకు, 6 మి.మీ. బిట్టు’ అని చేర్చాడు.